నే పలికిన: ఐ స్పోకా, ఇఫ్ ఐ స్పీకా?

నయీంనగర్ ట్యూషన్ సార్: నవ్వొద్దు, ఒక ముచ్చట అడుగుత. డిగ్రీ పిల్లలకు టెన్సులు చెప్తున్న, రోజూ ఉత్త వాక్యాలేందని పోతన కందం బోర్డు మీద రాసి ఇంగ్లీషు చెయ్యమన్న. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికితే భవహరమగునట", ఆఖరు ముక్క యాదికి రాలే. ఒక పిల్ల లేచి "పలికితే కాదు సార్, పలికిన" అని, ఐ స్పోక్ అని రాసింది. ఎనక బెంచోడు వాట్ ఐ హావ్ స్పోకెన్ అన్నడు. ఎవరికి మార్కు ఇయ్యాలె?

కందం పిచ్చోడు: "పలికితే" ఎట్ల పడ్తది సార్, కందంల గణానికి నాలుగే మాత్రలు, ఇది ఐదాయె! పలికిన అంటే నాలుగు లఘువులు, నలం, లెక్క సరిపాయె. ఆఖరుది "పలికెద వేరొండు గాథ పలుకగనేలా". గిది గూడ మర్చిపోతరా ఓరుగల్లుల ఉండి?

రిటైర్డ్ తెలుగు పంతులు: ఇద్దరిదీ తప్పే. అది చేదర్థకం. పలికినన్, తర్వాత భ స్థిరం కాబట్టి ద్రుతం, అంటే చివరి న్, పోయింది. పలికితే అనే అర్థం. ఇఫ్ ఐ స్పీక్. సార్ మరిచిపోయి రాసిన మాటకు ఛందస్సు తప్పింది గాని అర్థం తప్పలేదు.

జనగాం ఆడబిడ్డ: పంతులుగారూ, మీరు అట్ల కొట్టిపారెయ్యకున్రి. మా బమ్మెర దిక్కు నేను పోయిన, నేను తిన్న, నేను చెప్పిన అనే అంటం, పోయినాను తిన్నాను అనం. "నే పలికిన" అంటే మా చెవికి ఐ స్పోకే. పోతన మా ఊరాయన, 15వ శతాబ్దంల ఇంట్ల ఎట్ల మాట్లాడిండో మీరు విన్నరా?

రిటైర్డ్ తెలుగు పంతులు: వినలేదమ్మా, కానీ ఆయనకు ఐ స్పోక్ కావాలంటే "పలికితి" అంటాడు. పక్కనే "అగునట" ఉంది, అదెక్కడ పెడతావు?

ఒంటిమిట్ట వాడు: బమ్మెర అన్నారు కాబట్టి ఒక్క మాట, ఏకశిలానగరం అంటే...

జనగాం ఆడబిడ్డ: అన్నా, వద్దే. పోతనది ఓరుగల్లా ఒంటిమిట్టా అని పోయిన నెలనే పంచాయితీ మూడు రోజులు నడిచింది.

కాజీపేట రైల్వే: పద్యం నాకు తెల్వదు గని సార్ అడిగింది టెన్సుల గురించి కదా. నేను స్టేషన్‌కు పోయేసరికి బండి పోయింది అంటం. దాన్ని వెన్ ఐ రీచ్డ్, ది ట్రైన్ లెఫ్ట్ అని రాస్తే నేను పోంగనే కదిలిందన్నట్టు. అంతకుముందే పోయిందంటే హాడ్ లెఫ్ట్ రావాలె. మనకు రెండింటికీ ఒకటే "పోయింది". హాడ్ గురించి నాకు తెల్సింది గింతే, అది గూడ బండి పోయినంక తెల్సింది.

కందం పిచ్చోడు: మస్తు చెప్పిన్రు. గట్లనే "చెప్పలే" చూడున్రి. నిన్న చెప్పలే అంటే డిడ్ నాట్ టెల్, ఇంకా చెప్పలే అంటే హాజ్ నాట్ టోల్డ్. క్రియ కదలదు, నిన్న, ఇంకా అనేటియే పని చేస్తయి. అందుకే మన పిల్లలు ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే అంటరు. ఇగ అసలు మజా పోతన గజేంద్రమోక్షంల, ఏనుగును కాపాడ ఉరికే విష్ణువు మీది "సిరికిం జెప్పడు" పద్యంల ఉన్నది. చెప్పడు అంటే ఇయ్యాల మనకు చెప్పనే చెప్పడు అని, ఆ పద్యంల మాత్రం ఎప్పుడో అయిపోయిన కథ. పాత తెలుగుల వ్యతిరేకానికి మూడు కాలాలూ ఒకటే. ఇంగ్లీషుల ఏం పెడ్తరు?

రిటైర్డ్ తెలుగు పంతులు: కథ కాబట్టి డిడ్ నాట్.

జనగాం ఆడబిడ్డ: వితవుట్ టెల్లింగ్ అనున్రి, కాలం బాధే లేదు. ఆగమాగం ఉరికెటోనికి టెన్సెక్కడిది! చేలాంచలమైన వీడడు అన్న కాడ నాకు ఇప్పటికీ నవ్వొస్తది, అలిగి లేచిన లక్ష్మమ్మ కొంగు చేతుల పట్టుకొనే పోతడు.

కందం పిచ్చోడు: అవునక్కా, ఆ పద్యంల "అభ్రగపతిం బన్నింపడు" అంటవా, మన్నింపడు అంటవా?

జనగాం ఆడబిడ్డ: మా తాత మన్నింపడు అనేటోడు.

రిటైర్డ్ తెలుగు పంతులు: పన్నింపడు. గరుత్మంతుణ్ణి ప్రయాణానికి సిద్ధం చెయ్యడు అని. మన్నించడానికి ఆయన చేసిన తప్పేంటి?

కందం పిచ్చోడు: మన్నించుడంటే గౌరవించుడు గూడ కద పంతులుగారూ. పలకరియ్యకుంటనే పోయిండని.

నయీంనగర్ ట్యూషన్ సార్: అయ్యా, పొద్దున ఏడింటికి క్లాసున్నది. పిల్లకు మార్కు ఇయ్యాల్నా వద్దా?

జనగాం ఆడబిడ్డ: జెర ఆగు సార్, ముందు ప నా మ నా తేలనియ్యి.