కీమో జరుగుతుండగా మతి తప్పడం: నీరసమా, మెదడుకు సోకిన వైరసా?

గోదావరిగట్టు (ప్రశ్న):
మా అమ్మగారికి లింఫోమా (లింఫు గ్రంథుల కేన్సర్). రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుతో కూడిన కీమో నాలుగు విడతలు పూర్తయ్యాయి. అయిదు రోజుల క్రితం జ్వరం తగిలింది. మర్నాడు కాఫీలో ఉప్పు వేసి, అది పంచదారేనని నాతో వాదించారు. కీమో నీరసమే అనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో వెన్ను నీరు తీశారు. అందులో కణాలు మామూలుగానే ఉన్నాయంటూనే, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఫలితం రాకముందే నరం ద్వారా ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ వైరస్ మందు మొదలుపెట్టారు. జబ్బు తేలకుండా మందెందుకు? రిటుక్సిమాబ్ వల్ల పీఎంఎల్ (వైరస్ వల్ల మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బు) రావచ్చని చదివినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు.

నాడీవైద్యుడు:
వారు చేసింది సరైన పని. హెర్పిస్ వైరస్ మెదడుకు సోకినప్పుడు చికిత్స అందకపోతే నూటికి సుమారు 70 మంది మరణిస్తారు కనుక, అనుమానం కలిగిన గంటల్లోనే మందు ఎక్కిస్తారు. వైరస్ లేదని తేలితే ఆపేయవచ్చు. కణాలు మామూలుగా ఉన్నాయని నిశ్చింత పడకూడదు, ఎందుకంటే కీమోతో రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఆ నీటిలోకి చేరవలసిన తెల్లకణాలే చేరకపోవచ్చు. మొదటి మూడు రోజుల్లో పీసీఆర్ కూడా ఒక్కోసారి నెగెటివ్ వస్తుంది, అప్పుడు మళ్లీ చేయాలి.

పీఎంఎల్ భయం అకారణమని అనను. 1958లో దాన్ని తొలిసారి వర్ణించినది ల్యుకేమియా (రక్త కేన్సర్), హాడ్జ్‌కిన్ (ఒక రకం లింఫోమా) రోగులలోనే; దానికి కారణమైన జేసీ వైరస్‌ను 1971లో కనుగొన్నారు. అయితే అది సాధారణంగా జ్వరం లేకుండా, వారాల తరబడి చూపునో మాటనో ఒక పక్క కాలూచేతులనో దెబ్బతీస్తూ పోతుంది. జ్వరంతో మొదలై మూడు రోజుల్లో ఫిట్స్ దాకా రావడం దాని నడక కాదు. ఎంఆర్‌ఐలో, హెర్పిస్ ఎక్కువగా దెబ్బతీసే కణతల వైపు మెదడు భాగం ఎలా ఉందో అడగండి.

మజ్జమార్పిడి_కుటుంబం:
మా నాన్నగారికి దాత మూలకణాలు ఎక్కించిన మూడో వారంలో, చెప్పిన మాట నిమిషంలో మరచిపోయి అడిగిందే అడిగేవారు. హెచ్‌హెచ్‌వీ-6 అనే మరో హెర్పిస్ జాతి వైరస్ అని తేలింది, గాన్‌సైక్లోవిర్ అనే వైరస్ మందు ఇచ్చారు. ఏ మార్పు ఏ పూట కనిపించిందో నేను రాసిపెట్టుకున్న కాగితమే వైద్యులకు అన్నిటికంటే పనికొచ్చింది.

గోదావరిగట్టు:
ఫలితం వచ్చింది, హెర్పిస్ సింప్లెక్సే. అమ్మ కాస్త తేరుకున్నారు. మిగతా రోజులు ఇంట్లో మాత్రలతో గడపవచ్చా?

నాడీవైద్యుడు:
వద్దు. మాత్రల మందు మెదడుకు చాలినంత చేరదు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి, ఇటువంటి రోగుల్లో సాధారణంగా 21 రోజులూ నరం ద్వారానే ఇవ్వాలి. ఆ మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకోవచ్చు కనుక ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తున్నారా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంత ఉంది అని రౌండ్లకు వచ్చినప్పుడల్లా అడగండి. తదుపరి కీమో విడత ఎప్పుడన్నది మీ కేన్సర్ వైద్యులతో కలిసి తేల్చవలసినది.