సమస్యాపూరణం: 'సిద్ధమగుఁ బ్రధానము సున్న శేషమైన'

ఛందస్సు తేటగీతి. భాగిస్తే శేషం సున్న వచ్చిన సంఖ్య సంయుక్తమని కదా చిన్నప్పటి పాఠం! దాన్ని తిరగేసి నిలబెట్టాలి.

పూరణ 1

నాల్గు మొదలిడి వర్గించి నరికి రెండు,
మెర్సెనాంకాన భాగించి మిగులు దాని
నట్లె మరిమరి చేయంగ నంతమందు
సిద్ధమగుఁ బ్రధానము సున్న శేషమైన.

సమీక్ష: మెర్సెన్ సంఖ్య (2^పి − 1 రూపంలోది) ప్రధానమో కాదో తేల్చే లూకా–లేమర్ పరీక్షను పట్టుకున్నారు. సమస్యకు ఇంతకన్న తగిన దారి లేదు. కాని 'అంతమందు' అంటే ఎక్కడ, ఆర్యా? 2^పి − 1కి సరిగ్గా పి−2 అడుగులే. ఒక్కటి ఎక్కువైతే సున్న కాస్తా −2 అవుతుంది, ఆపైన 2 దగ్గర పాతుకుపోతుంది. పి = 7 చూడండి: 4, 14, 67, 42, 111, 0. అయిదడుగుల్లో 127 ప్రధానమని తేలింది. పి = 11కి తొమ్మిదో అడుగున 1736 మిగులుతుంది; 2047 = 23 × 89 మరి. పి బేసి ప్రధానం కావాలన్నదీ మరవద్దు. పి = 2కి ఈ పరీక్ష 3ను కూడా కాదనేస్తుంది.

సవరణ: మూడో పాదం ఇలా మార్చాను.

అట్లె 'పి'కి రెండు తక్కువ యడుగులిడగ

సమీక్ష: ఇప్పుడు లెక్కా కుదిరింది, అట్లె–అడుగు స్వరయతీ కుదిరింది. 'భాగించి' అన్నారు గాని నిజానికి భాగహారం అక్కర్లేదు. వర్గాన్ని ద్విసంఖ్యామానంలో రాసి, కింది పి అంకెలను విడదీసి, పైభాగాన్ని వాటికి కూడితే చాలు; మొత్తం పి అంకెలు దాటితే మళ్లీ అలాగే. 42² = 1764 = 13 × 128 + 100; 13 + 100 = 113; రెండు తీస్తే 111. జాగ్రత్త ఒక్కచోటే: చివర అన్నీ ఒకట్లే మిగిలితే అది భాజకమే, అంటే సున్నే.

పూరణ 2

ఒక్కటిని బాపి 'యెన్'నందు నొప్పు ఘాత
మునకు రెండెత్తి యొకటిని ముందు తీసి
యెన్నుతో దాని భాగింప నెంచి చూడ
సిద్ధమగుఁ బ్రధానము సున్న శేషమైన.

సమీక్ష: ధార బాగుంది, గణితం తప్పింది. ఫెర్మా సూత్రం ఒకవైపే నడుస్తుంది: యెన్ బేసి ప్రధానమైతే 2^(యెన్−1) − 1ని భాగిస్తుంది, కాని భాగించినంత మాత్రాన యెన్ ప్రధానం కానక్కర్లేదు. 341 = 11 × 31 కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. మెర్సెన్ సంఖ్యలకైతే ఆధారం (ఘాతానికి ఎత్తే సంఖ్య) 2 బొత్తిగా పనికిరాదు: 2046ను 11 భాగిస్తుంది కనుక 2^2046 − 1ని 2^11 − 1, అంటే 2047, భాగిస్తుంది; అదీ దర్జాగా దాటిపోతుంది. ఆధారం 3 తీసుకుంటే జల్లెడగా ఉపయోగం. 2024 అక్టోబరులో బయటపడ్డ 2^136279841 − 1 (4,10,24,320 అంకెలు) మొదట ఇలాంటి సంభావ్య పరీక్షలోనే (ప్రధానం కావచ్చని మాత్రమే చెప్పేదానిలో) చిక్కింది. 'సిద్ధమగు' అనడానికి మాత్రం లూకా–లేమర్ కావలసివచ్చింది, 13,62,79,839 అడుగులు.

పూరణ 3

తనకు ముందున్న సంఖ్యలన్ దండ గుచ్చి
గుణనఫలమున కొక్కటిన్ గలిపి పిదప
దాని దనతోనె భాగింప దప్పకుండ
సిద్ధమగుఁ బ్రధానము సున్న శేషమైన.

సమీక్ష: విల్సన్ సిద్ధాంతం! ఇది రెండువైపులా నిజం, మెర్సెన్ సంఖ్యలకే కాక అన్నిటికీ. 'దండ గుచ్చి' ముచ్చటగా ఉంది. రెండో పాదంలో గు–గ యతి చెల్లదు. 'గూర్చి పిదప' అనండి. ఆచరణలో మాత్రం శూన్యం: 127కే 126 వరకు గుణించాలి, పై పరీక్షకు అయిదడుగులు చాలినచోట.