హాస్టల్ భోజనంతో కండ పెరుగుతుందా? తిన్నవి, వాడినవి, పనిచేసినవి చెప్పండి

మియాపూర్_నైట్‌షిఫ్ట్:
అన్నలూ, అక్కలూ, నా బరువు 62 కిలోలు. రాత్రి షిఫ్టు ఉద్యోగం, హాస్టల్ తిండి. గుడ్డు తింటాను, మాంసం ముట్టను. జిమ్‌లో చేరగానే ట్రైనర్ చీటీ రాసిచ్చాడు: మాస్ గెయినర్, వే, బీసీఏఏ, క్రియాటిన్, పైన మల్టీవిటమిన్. అన్నీ కలిపితే నా హాస్టల్ ఫీజు దాటిపోతోంది. వీటిలో నిజంగా కావాల్సింది ఏది? పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం, ఇదీ నా మెనూ.

తార్నాక_పప్పుచారు:
చీటీ పక్కన పెట్టు తమ్ముడూ, ముందు లెక్క వేద్దాం. మా ఏరియాలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. నీకు 51 గ్రాములు. అది మామూలు ఆరోగ్యానికి. బరువులు ఎత్తేవాళ్ల మీద జరిగిన 49 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, దాదాపు 1.6 గ్రాముల దాకా కండకు లాభం కనిపించింది, ఆపైన ఎంత తిన్నా సగటున పెద్దగా కలిసిరాలేదు. అంటే నీకు రోజుకు 100 గ్రాములు.

ఇప్పుడు నీ కంచం చూద్దాం. ఇడ్లీకి రెండు గ్రాములు. కందిపప్పులో వంద గ్రాములకు 22 ఉంటుందన్న మాట నిజమే, కానీ అది పచ్చి పప్పు లెక్క. హాస్టల్ గరిటెలో అసలు పప్పు 20 గ్రాములు పడితే గొప్ప, మిగతాదంతా నీళ్లూ పసుపూ. రోజు మొత్తానికి 40 దాటడం కష్టం. పప్పన్నం జోడీలో తప్పేం లేదు. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో తయారవుతుంది; బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే ఇటుక పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. మన దగ్గర అన్నం కొండంత, పప్పు గోరంత, అదే చిక్కు.

నాలుగు గుడ్లలో 24 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల మీల్ మేకర్‌లో (సోయా ముక్కలు) 26, అర లీటరు పాలు 16 (సగం పెరుగు తోడేసుకున్నా అంతే), గట్టిపప్పు 10, అన్నం టిఫిన్ల నుంచి ఓ 20. డబ్బా మూత తీయకుండానే వందకు చేరువయ్యావు.

మాస్ గెయినర్ అసలు వద్దు. దానిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమే. బరువు పెరగాలంటే రెండు అరటిపళ్లు, పిడికెడు పల్లీలు అదనంగా తిను. బీసీఏఏ కూడా దండగే, అది మూడు అమైనో ఆమ్లాల పొడి, అందులో ఉన్నవన్నీ గుడ్డులోనూ పాలలోనూ ఉన్నాయి.

కూకట్‌పల్లి_నో_పౌడర్:
2024లో ఆ తార్నాక సంస్థే కండ కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని మార్గదర్శకాల్లో రాసింది కదా! ఇంకా వే గురించి చర్చ ఎందుకు?

తార్నాక_పప్పుచారు:
రాసింది, కాదనను. అవి జనం అందరికీ చెప్పే సలహాలు. వే అంటే చీజ్ చేసేటప్పుడు విడిపోయే పాల నీళ్లలోని ప్రొటీన్, అందులో మాయా లేదు, విషమూ లేదు. రాత్రి షిఫ్టులో తినడానికి ఏమీ దొరకని వాడికి ఒక స్కూప్ 24 గ్రాములు ఇస్తుంది, అంతే దాని ఉపయోగం. గుడ్లు దొరికితే అదీ అక్కర్లేదు.

నాకు పౌడర్ మీద కంటే అమ్మేవాళ్ల మీద అనుమానం ఎక్కువ. ప్రొటీన్ పరీక్షల్లో చాలావరకు కొలిచేది నైట్రోజన్‌ని. గ్లైసిన్, టారిన్ లాంటి చౌక పదార్థాలు కలిపితే కాగితం మీద అంకె పెరుగుతుంది, కండకు పనికొచ్చేది పెరగదు. అందుకే పదార్థాల జాబితాలో అవి విడిగా కనిపిస్తే వదిలెయ్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు, సీలు చూసుకో. కవర్లో విడిగా పోసి ఇచ్చే సరుకు జోలికి పోవద్దు.

సికింద్రాబాద్_అక్క:
ఆ చీటీలో క్రియాటిన్ (కండరాలకు త్వరగా శక్తినిచ్చే పదార్థం) ఒక్కటే ఉంచుకోదగినది అంటాను నేను. మోనోహైడ్రేట్ రకం చాలు, ఖరీదైన కొత్త రకాలు అంతకంటే మేలని తేలలేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు. లోడింగ్ (మొదటి కొన్ని రోజులు ఎక్కువ మోతాదు) చేయకపోయినా నెల రోజుల్లో కండరాలు నిండుతాయి. మాంసం తినని వాళ్ల కండరాల్లో క్రియాటిన్ తక్కువ ఉంటుంది కాబట్టి నీకు తేడా బాగానే తెలియొచ్చు. మొదట్లో కిలో, కిలోన్నర పెరిగితే కంగారు పడకు, అది కండరాల్లో చేరే నీరు.

ఇంకో సంగతి. ఆఫీసు హెల్త్ చెకప్‌లో కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె నాకు గీత దాటింది. రిపోర్టు చూసినావిడ కిడ్నీలు పోయాయన్నట్టు మాట్లాడింది, ఇంట్లో ఒకటే టెన్షన్. క్రియాటిన్ శరీరంలో క్రియాటినిన్‌గానే విరుగుతుంది, వాడేవాళ్లలో ఆ అంకె కొద్దిగా పెరగొచ్చు. డాక్టరు గారు కిడ్నీలకే మరో రక్త పరీక్ష, సిస్టాటిన్ సి, రాశారు, అది కండ మీద అంతగా ఆధారపడదు. మామూలుగానే వచ్చింది. కాబట్టి మొదలుపెట్టే ముందే ఒకసారి రక్త పరీక్ష చేయించుకో, పోల్చుకోవడానికి ఉంటుంది. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టొద్దు.

నారాయణగూడ_బార్‌బెల్:
అందరూ తిండి దగ్గరే ఆగిపోయారు. మియాపూర్ భయ్యా, నోట్‌బుక్ ఉందా? పోయిన వారం స్క్వాట్ ఎంత బరువుతో ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తడం) కొట్టావో చెప్పలేకపోతే, నువ్వు తిన్న గుడ్డు ఎటు పోతుందో నాకూ తెలియదు.

మా జిమ్‌లో ట్రైనర్లు కండను కన్‌ఫ్యూజ్ చేయాలని రోజుకో కొత్త వర్కవుట్ చేయిస్తారు. కన్‌ఫ్యూజ్ అయ్యేది మనమే. అవే నాలుగైదు కదలికలు పట్టుకో: స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, బెంచ్, రో, ఓవర్‌హెడ్ ప్రెస్. వారం వారం ఒక రెప్ అయినా, కాస్త బరువైనా పెరగాలి. వారానికి ఒక్కో కండకు పది సెట్లకు (ఆగకుండా కొట్టే రెప్స్ గుంపు ఒక సెట్) మెల్లగా చేరుకో, రెండు రోజులకు పంచుకుంటే తేలిక. బరువు ఎక్కువ తక్కువల మీద గొడవ అక్కర్లేదు, తేలిక బరువుతో ముప్పై రెప్స్ కొట్టినా కండ పెరుగుతుంది, సెట్ చివర ఇంకో రెండు మూడు మించి లేవలేనంత దగ్గరికి వెళితే చాలు.

వర్కవుట్ అయిన అరగంటలో షేక్ తాగకపోతే అంతా వృథా అని భయపెడతారు, అది వదిలెయ్. రోజు మొత్తం లెక్కే ముఖ్యం. నీ షిఫ్టుకు నిద్ర పెద్ద సమస్య. మందపాటి కర్టెన్ కొను, ప్రీ వర్కవుట్ డబ్బా కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. ఎవడైనా "కోర్సు" అని ఇంజక్షన్ చూపిస్తే జిమ్ మార్చు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే ఒంట్లో తయారీ ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి.

టోలీచౌకి_సహరీ:
రంజాన్‌లో నేను ఇఫ్తార్ తర్వాతే బరువులు ఎత్తుతాను, సెట్లు తగ్గిస్తాను, బరువు తగ్గించను. ఇఫ్తార్‌కీ సహరీకీ మధ్య ప్రొటీన్ పూర్తి చేసుకుంటే కండ నిలబడుతుంది. హలీంలో మటన్, గోధుమలు, పప్పులు అన్నీ ఉంటాయి, కానీ నెయ్యి కూడా లెక్కలోకి తీసుకోండి సాబ్.

మియాపూర్_నైట్‌షిఫ్ట్:
క్రియాటిన్ తప్ప చీటీలో అన్నీ కొట్టేశాను. ఒకటే బాధ, మీల్ మేకర్ వాసన పడదు, తింటే కడుపు ఉబ్బరం. హాస్టల్లో కెటిల్ మాత్రమే ఉంది.

సికింద్రాబాద్_అక్క:
మరిగే నీళ్లలో ఉప్పేసి పావుగంట నానబెట్టు, చేత్తో గట్టిగా పిండి ఆ నీళ్లు పారబోయి. మళ్లీ ఒకసారి కడిగి పిండితే వాసన చాలావరకు పోతుంది. చిన్న ముక్కల రకం కొని పెరుగు, నిమ్మరసం, చాట్ మసాలాలో కలుపుకో. ఒకేసారి 50 గ్రాములు కాకుండా 20తో మొదలుపెట్టు, కడుపు అలవాటు పడ్డాక పెంచు. అప్పటిదాకా రెండు గుడ్లు ఎక్కువ తిను, అవీ కెటిల్‌లోనే ఉడుకుతాయి. వార్డెన్ చూడకుండా కడిగి పెట్టెయ్.