అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆకు కలిస్తే కల్తీయేనా? పర్సంటేజ్ వస్తే సరిపోదా?

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
హైదరాబాద్ శివార్లలో మూలికల ఎక్స్‌ట్రాక్ట్‌లు తయారుచేసే ఒక యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. ఏ యూనిట్ అని అడగొద్దు, నాకు ఉద్యోగం కావాలి.

పోయిన నెల ఆర్డర్ ఎక్కువై, బయటి సప్లయర్ దగ్గర ఒక లాట్ అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ కొన్నారు. దాంతో వచ్చిన సర్టిఫికెట్‌లో "అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్, విథనోలైడ్లు 5 శాతం" అని ఉంది. తెలియనివాళ్ల కోసం: అశ్వగంధలో పనిచేస్తాయనుకునే పదార్థాల గుంపు పేరు విథనోలైడ్లు, వాటి శాతాన్ని బట్టే సరుకు రేటు. మా దగ్గర హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి, ఒక్కోటి ఎంతుందో గ్రాఫ్ గీసే మిషన్) మీద పెడితే 5.1 వచ్చింది. పాసే.

కానీ గ్రాఫ్ చూస్తే విథాఫెరిన్-ఎ (విథనోలైడ్లలో ఒకటి) పీక్, అంటే దాని గీత శిఖరం, ఒక్కటే తాటిచెట్టులా నిలబడి ఉంది, మిగతావన్నీ దాని పక్కన గడ్డి పరకలు. వేరులో అలా ఉండదు. అనుమానమొచ్చి హెచ్‌పీటీఎల్‌సీ ప్లేటు (పదార్థాలు పట్టీలుగా, అంటే బ్యాండ్లుగా, విడిపోయి కనపడే పరీక్ష) కూడా వేశాను. వేరు శాంపిల్‌లో లేని ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు) బ్యాండ్లు ఇందులో కనపడ్డాయి. మా దగ్గరున్న ఆకు శాంపిల్ పక్కన పెడితే అచ్చం అవే. రిజెక్ట్ రాశాను.

పర్చేజ్ సార్ వచ్చి, "స్పెసిఫికేషన్‌లో ఏముంది? 5 శాతం. వచ్చిందా? వచ్చింది. ఆకు మాత్రం అశ్వగంధది కాదా, ఏ పిచ్చాకో కలిపారా?" అన్నారు. మా స్పెసిఫికేషన్‌లో ఆకు గురించి ఒక్క లైను లేని మాట నిజమే. మీరైతే ఏం చేస్తారు?

బేరంబాబాయ్:
మూలికల వ్యాపారంలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మీ పర్చేజ్ సార్ చెప్పిందే రైటు. కొనుగోలుదారు 5 శాతం అడిగాడు, 5 శాతం వచ్చింది. ఆకులో విథనోలైడ్లు ఎక్కువ కాబట్టి ఆకు వాడారు, చెరకులో రసం ఎక్కువున్న గడను ఏరుకున్నట్టు. అమెరికాలో పేరున్న ఒక రకం ఎక్స్‌ట్రాక్ట్‌లో వేరూ ఆకూ రెండూ ఉంటాయని లేబుల్ మీదే రాస్తారు. దాని మీద ట్రయల్స్ కూడా జరిగాయి. అక్కడ పనికొచ్చింది ఇక్కడ కల్తీ ఎలా అవుతుంది?

వైద్య_కడప:
బేరంబాబాయ్ గారూ, మీ మాటలోనే జవాబు ఉంది. వాళ్లు లేబుల్ మీద రాశారు. ఈ లాట్ మీద "వేరు" అని మాత్రమే రాశారు.

నేను ఆయుర్వేద వైద్యురాలిని. తాజా వేరుకు గుర్రం వాసన వస్తుందనే ఈ మొక్కకి అశ్వగంధ అని పేరు. మన వైపు పెన్నేరు గడ్డ అంటాం, అందులోనూ గడ్డే ఉంది, ఆకు లేదు. ఆయుర్వేదిక్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) చెప్పేది ఎండబెట్టిన ముదురు వేరు గురించి, చూర్ణం మోతాదు 3 నుంచి 6 గ్రాములు. ఆకును నూరి వాపుల మీద కట్టు కట్టడం ఉంది కానీ, లోపలికి రోజూ నెలల తరబడి వాడిన అనుభవం వేరుకున్నంతగా లేదు. అందుకే 2021 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ, అశ్వగంధ ఉత్పత్తుల్లో ఆకు వాడొద్దని తయారీదారులకు అడ్వైజరీ ఇచ్చింది. దాని తరువాత కూడా "ఆకూ అదే చెట్టుది కదా" అంటే ఎలా? ఆముదం గింజా, ఆముదం నూనే ఒకే చెట్టువి. గింజ నమిలి చూడమనండి.

బేరంబాబాయ్:
ఆముదంతో పోలిక అన్యాయం మేడం, ఆ గింజలో ఉన్నది విషం. అశ్వగంధ ఆకు తిని పోయినవాళ్లు ఎవరు? అడ్వైజరీలో కూడా ఆకు విషమని లేదు, ఆధారాలు చాలవు అని ఉంది.

సూరి_న్యూజెర్సీ:
ఇక్కడ చిన్న సప్లిమెంట్ కంపెనీకి ఇండియా నుంచి సరుకు తెప్పించే పని నాది. లివర్ సంగతి ఒకటి చెప్పాలి. 2020లో ఐస్‌లాండ్, అమెరికా డాక్టర్లు కలిసి, అశ్వగంధ సప్లిమెంట్లు వాడాక కామెర్లు వచ్చిన ఐదుగురి గురించి రాశారు. నలుగురు కోలుకున్నారు, ఐదో మనిషి సంగతి తరువాత తెలియలేదు. ఆ తరువాత నుంచి మా బయ్యర్లకు టెన్షన్ మొదలైంది. 2023లో డెన్మార్క్ ఏకంగా అశ్వగంధనే నిషేధించింది, వాళ్లకు థైరాయిడ్, హార్మోన్ల భయం. ఇలాంటప్పుడు డబ్బాలో ఉన్నది వేరో ఆకో తెలియకపోతే, ఎవరికైనా ఏదైనా అయితే కారణం ఎక్కడ వెతకాలి?

ఇంకో మాట. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోతుంది కదా? మా కన్సల్టెంట్ అదే చెప్పాడు.

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
సూరి గారూ, ఆ కన్సల్టెంట్‌కి ఫీజు కట్టకండి :) ఆకుకీ వేరుకీ డీఎన్ఏ ఒకటే. మొక్క మారితే డీఎన్ఏ పట్టిస్తుంది, అదే మొక్కలో భాగం మారితే దానికేం తెలుస్తుంది? పైగా ఎక్స్‌ట్రాక్ట్ అంటే ఆల్కహాల్, నీళ్లలో గంటల తరబడి మరిగించి, వడకట్టి, వాక్యూమ్‌లో చిక్కబరిచి, స్ప్రే డ్రయ్యర్‌లో పొడి చేసింది. అందులో చదవదగ్గ డీఎన్ఏ మిగలడమే కష్టం. మైక్రోస్కోపూ ఇంతే. వేరు ముక్కగానో పొడిగానో ఉన్నప్పుడు కణాలు చూసి చెప్పేయొచ్చు. ఎక్స్‌ట్రాక్ట్ అయ్యాక చూడటానికి కణాలే ఉండవు. మిగిలేది కెమికల్ ఫింగర్‌ప్రింట్ ఒక్కటే: ఏ పీక్ ఎంత ఎత్తుంది, ఉండకూడనిది ఏదైనా ఉందా.

కామెర్ల విషయంలో మాత్రం మనం ఆకు మీద నింద వేయలేం. అది నా వాదన కాదు కూడా.

నా గొడవంతా ఆ 5 శాతం అనే నంబరుతోనే. 2008లో చైనాలో పాలపొడి కథ గుర్తుందా? ప్రొటీన్ ఎంతుందో నైట్రోజన్ కొలిచి లెక్కగట్టేవాళ్లు. అందుకని పాలల్లో నీళ్లు కలిపి, నైట్రోజన్ ఎక్కువున్న మెలమైన్ అనే రసాయనం కూడా వేశారు. టెస్ట్ పాస్, పిల్లలకి కిడ్నీలు పోయాయి. ఆకు మెలమైన్ అనడం లేదు, దారి మాత్రం ఆ దారే. కొనేవాడు ఏ నంబరు అడిగితే అమ్మేవాడు ఆ నంబరునే తయారుచేసి పంపుతాడు. 5 శాతం అని మాత్రమే అడిగితే, 5 శాతానికి అన్నిటికంటే చవకైన దారి ఆకు. మనమే రమ్మని పిలిచి, వచ్చాక దొంగ అంటున్నాం.

అసలు ఆ 5 శాతం ఎలా కొలిచారన్నది ఇంకో తమాషా. గ్రావిమెట్రీ అని పాత పద్ధతి ఉంది. ద్రావకంతో విడదీసి, ఎండబెట్టి, మిగిలింది తూకం వేయడం. విథనోలైడ్లతో పాటు ఏ జిగురు వచ్చినా తూగుతుంది. అలా 5 అని వచ్చిన లాట్‌లు హెచ్‌పీఎల్‌సీ మీద సగానికి పడిపోవడం నేనే చూశాను. సర్టిఫికెట్‌లో శాతం పక్కన పద్ధతి పేరు లేకపోతే ఆ శాతాన్ని నమ్మకండి.

గడ్డరైతు_అనంత:
అన్నా, నేను అనంతపురం జిల్లాలో రెండేళ్ల నుంచి మూడెకరాల్లో పెన్నేరు వేస్తున్నా. మీ పీకులు నాకు అర్థం కాలేదు గానీ ఒక లెక్క అడుగుతా. వేరులో ఆ విథనో ఏదో ఎంత ఉంటుంది?

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
ఎండు వేరులో మొత్తం కలిపి మామూలుగా 1 శాతంలోపే, అన్నా. రకాన్ని బట్టి, నేలను బట్టి, ఎప్పుడు పీకారన్నదాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం అర శాతం అనుకోండి.

గడ్డరైతు_అనంత:
అయితే అర శాతం సరుకుతో కిలో 5 శాతం పొడి చేయాలంటే, ఒక్క చుక్క వృథా పోకపోయినా పది కిలోల వేరు కావాల కదా. మేం వానకాలంలో చల్లితే, ఐదారు నెలలు కాపు కాసి, పీకి, కడిగి, కోసి, ఎండబెడితే ఎకరాకి రెండు మూడు క్వింటాళ్లు వస్తాయి. పీకే కూలీలకే సగం పోతుంది. ఆకు మేం అమ్మం, చేలోనే వదిలేస్తాం. పోయినేడు ఒకాయన ఆటో తెచ్చుకుని ఆకు మొత్తం అడిగి పట్టుకుపోయినాడు. పశువులకేమో అనుకున్నా. ఇప్పుడు తెలుస్తాంది.

మీ మిషన్లు పక్కన పెట్టి ఇది చూడండి: ఆ సప్లయర్ మీకు కిలో పొడి ఎంతకు ఇచ్చినాడు? పది కిలోల వేరు మండీలో ఎంత పలుకుతుంది? మొదటిది తక్కువుంటే ఇంక టెస్ట్ దేనికి?

వైద్య_కడప:
👏 పదేళ్లు చదివిన నాకు ఈ లెక్క తట్టలేదు.

బేరంబాబాయ్:
లెక్క బాగుంది తమ్ముడూ, కానీ అర శాతం అన్నది ఊహ. ముప్పావు శాతం ఉన్న వేరు దొరికితే ఏడు కిలోలు చాలు. మండీలో అన్ని గ్రేడ్లకీ ఒకే రేటు ఉండదు. పొడవాటి లావు వేరు ఎగుమతికి, చూర్ణానికి పోతుంది. ఎక్స్‌ట్రాక్షన్‌కి కొనేది సన్న వేర్లు, విరిగిన ముక్కలు. అవి సగం రేటుకే వస్తాయి. ధర తక్కువుందని దొంగ అనేస్తే నిజాయితీగా కొనేవాడు కూడా దొంగే అవుతాడు.

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
బాబాయ్ గారూ, ఇది మాత్రం న్యాయమైన మాట. విరిగిన ముక్కల విషయం నేను ఆలోచించలేదు. మీరన్నట్టే తక్కువ గ్రేడ్ రేటు, ముప్పావు శాతం, నష్టం సున్నా అని మీవైపే మొగ్గి లెక్క వేశాను. అయినా సప్లయర్ రేటు ఏడు కిలోల ముక్కల రేటు కంటే కింద ఉంది. ఇంకా అందులో ఆల్కహాల్, కరెంటు, డ్రయ్యర్, ఆయన లాభం కలపనే లేదు.

సూరి_న్యూజెర్సీ:
నిజాయితీగా ఒప్పుకోవాలంటే తప్పు మా బయ్యర్లది కూడా. వాళ్లు పంపే స్పెసిఫికేషన్‌లో సీసం, ఆర్సెనిక్, బ్యాక్టీరియా, ద్రావకాల అవశేషాలు అన్నీ ఉంటాయి. "ఆకు ఉండకూడదు" అని మాత్రం ఉండదు. రేటు దగ్గరికి వస్తే ఒక్క డాలర్ తక్కువకి ఎవడిస్తే వాడే. క్యూసీ గారూ, ఆకు లేదని నిరూపించే లైను స్పెసిఫికేషన్‌లో ఎలా రాయాలి?

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
నేనైతే మొదట విథాఫెరిన్-ఎ కి పైహద్దు పెడతాను, మొత్తం శాతానికి కిందిహద్దు మాత్రమే పెట్టి వదిలేయకుండా. ఫ్లేవనాయిడ్ బ్యాండ్లు కనపడకూడదని హెచ్‌పీటీఎల్‌సీ రాస్తాను, పక్కనే అసలు వేరు, అసలు ఆకు శాంపిల్ వేసి పోల్చాలని కూడా. కానీ ఇవి చాలవు. ఆకు ఎక్స్‌ట్రాక్ట్ నుంచి ఆ ఫ్లేవనాయిడ్లు కడిగేసి, శుద్ధి చేసి వేరులో కలిపేవాళ్లు వస్తారు. పసుపులో అదే అయింది. 95 శాతం కర్కుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) అడిగితే ఫ్యాక్టరీలో తయారైన కర్కుమిన్ కలుపుతున్నారు, దాన్ని పట్టుకోవడానికి, మొక్క నుంచి వచ్చిందా కాదా తేల్చే కార్బన్-14 పరీక్ష దాకా వెళ్లాల్సి వస్తోంది. అందుకే పొడి అయ్యాక కాదు, వేరుగా ఉన్నప్పుడే గోడౌన్‌లో చూడటం మేలు. ఫార్మకోపియా ప్రకారం వేరులో ఫారిన్ మేటర్ (వేరు కానిది ఏదైనా) 2 శాతం మించకూడదు. కంటితో ఏరి తూకం వేసే పని, మిషన్ అక్కర్లేదు.

బేరంబాబాయ్:
నా మాట మార్చుకోను: ఆకు పనికిరానిది కాదు. "వేరు, ఆకు" అని రాసి, ఆ రేటుకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. వేరు అని రాసి ఆకు పోస్తే మాత్రం... సరే, అది తప్పే.

వైద్య_కడప:
రాసి అమ్మినా ఇక్కడ ఆయుష్ అడ్వైజరీ ఉంది బాబాయ్ గారూ. దానిమీద మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

గడ్డరైతు_అనంత:
ఆకు ఆటో ఆయన నంబరు నా దగ్గర ఉంది. ఈసారి వస్తే ఎక్కడికి పోతుందో అడుగుతా.

క్యూసీ_నైట్‌షిఫ్ట్:
అడగండి అన్నా, కానీ నంబరు ఇక్కడ పెట్టకండి.

అప్‌డేట్: రైతన్న లెక్కను ఒక కాగితం మీద రాసి పర్చేజ్ సార్ టేబుల్ మీద పెట్టాను. గ్రాఫ్ చూపించినప్పుడు రెండు నిమిషాల్లో పంపేసిన మనిషి, ఈ కాగితం పట్టుకుని పావుగంట కూర్చున్నారు. రిజెక్ట్ మీద సంతకం పెట్టలేదు, రిలీజ్ చేయమనీ అనలేదు. "సప్లయర్‌తో మాట్లాడతా" అన్నారు. లాట్ ఇంకా పసుపు స్టిక్కర్‌తో క్వారంటైన్ రూమ్‌లోనే ఉంది.