సింప్సన్స్‌లో జాన్ స్వార్ట్స్‌వెల్డర్ రాసినవాటిల్లో ముందు ఏవి చూడాలి?

నిద్రపోని గుడ్లగూబ

సింప్సన్స్ (హోమర్ అనే ఆయనా వాళ్ళ కుటుంబమూ ఉండే అమెరికన్ కార్టూన్ షో) పాత సీజన్లు మళ్ళీ మొదలుపెట్టా. బాగా నవ్వొచ్చిన ఎపిసోడ్‌కల్లా రైటర్ ఎవరా అని చూస్తే జాన్ స్వార్ట్స్‌వెల్డర్ పేరే పడుతోంది. ఈయనొక్కడే 59 రాశాడంట, ఆ షోకి ఇంకెవరూ అన్ని రాయలేదంట. వరసపెట్టి అన్నీ చూసే టైం లేదు, ముందు ఏవి చూడమంటారు? హోమర్ ఎట్ ద బ్యాట్ ఎపిసోడ్ అయిపోయింది. ఇంకో డౌటు, పేరు చూడకుండా ఇది ఈయన రాసిందే అని పట్టేయొచ్చా?

చివరి బెంచి

యూ ఓన్లీ మూవ్ ట్వైస్, 8వ సీజన్. హోమర్‌కి దొరికిన కొత్త బాస్ హ్యాంక్ స్కార్పియో ప్రపంచాన్ని బెదిరించే విలన్, కానీ ఉద్యోగుల్ని చూసుకోవడంలో మాత్రం దేవుడు. ఆ తర్వాత హోమీ ద క్లౌన్. ఈ రెండూ చూసి రా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

అరటిపండు తొక్క

నన్నడిగితే బార్ట్ గెట్స్ ఎన్ ఎలిఫెంట్, 1994లో వచ్చింది. హోమర్ కొడుకు బార్ట్‌ని రేడియో వాళ్ళు బహుమతిగా 10,000 డాలర్లు కావాలా ఏనుగు కావాలా అని అడుగుతారు, ఎవడైనా డబ్బే అంటాడులే అని. బార్ట్ ఏనుగే కావాలంటాడు. మామూలు రైటరైతే ఆ ఒక్క జోకుతో సరిపెట్టుకుంటాడు, ఈయన అలా కాదు, సరే ఏనుగు ఇంటికొచ్చింది, మరి దాని తిండికి డబ్బులెక్కణ్ణుంచి వస్తాయి అని లెక్కలోకి దిగుతాడు, అందుకని హోమర్ ఏనుగుని చూడ్డానికీ ఎక్కడానికీ టికెట్ పెడతాడు, గిట్టుబాటు కాక 100 డాలర్లు, 500 డాలర్లకి పెంచేస్తాడు, అక్కడితో ఆగాడా, బార్ట్ ఫ్రెండ్ మిల్‌హౌస్ వాళ్ళింటికెళ్ళి మీవాడు పాత రేటుకి రెండుసార్లు చూశాడు ఒకసారి ఎక్కాడు, కొత్త రేటు ప్రకారం 700 కట్టండి అంటాడు. కూడి చూస్కో, లెక్క కరెక్టే! పిచ్చి పని మొదలెట్టి దాన్ని చాలా సీరియస్‌గా, అణా పైసలతో సహా నడిపించడం, నీ డౌటుకి నా ఆన్సర్ అదే.

హోమర్ సంగతీ చూడు. 2021లో ఒక ఇంటర్వ్యూలో ఈయనే చెప్పాడు, హోమర్‌ని మాటలొచ్చిన పెద్ద కుక్కలా అనుకుని రాస్తానని. ఇప్పుడే ప్రపంచంలో ఇంత దుఃఖం ఎవరికీ లేదన్నట్టుంటాడు, అంతలోనే ఏదో చిన్నది దొరికితే ఎగిరి గంతేస్తాడు. అది తెలిశాక చూస్తే వాడి మీద కోపం రాదు.

రెండో డ్రాఫ్ట్

ఎపిసోడ్లు ఓకే కానీ పేరు చూడకుండా పట్టేస్తాం అంటే నేను నమ్మను. స్క్రిప్ట్ మీద ఒకరి పేరే ఉంటుంది, కానీ దాన్ని రైటర్స్ రూమ్‌లో, అంటే షో రైటర్లు అందరూ కూర్చుని తిరగరాస్తారు. స్కార్పియోనే తీసుకో, వాయిస్ ఇచ్చిన ఆల్బర్ట్ బ్రూక్స్ చాలా మాటలు మైక్ ముందు అప్పటికప్పుడు అన్నవే. ఆ క్రెడిట్ కూడా రైటర్‌కేనా?

అరటిపండు తొక్క

మాటలు బ్రూక్స్‌వే అనుకుందాం, విలన్ మంచి బాస్ అన్న ఎత్తుగడ పేపర్ మీద లేకపోతే బ్రూక్స్ దేని గురించి మాట్లాడేవాడు? రూమ్ తిరగరాస్తుంది, కాదనను. కానీ హోమర్ ఎట్ ద బ్యాట్‌లో తొమ్మిది మంది నిజం బేస్‌బాల్ స్టార్లని తీసుకొచ్చి అందులో ఎనిమిది మందిని ఒక్కొక్కణ్ణి ఒక్కో దిక్కుమాలిన కారణంతో మ్యాచ్‌కి లేకుండా చేసి, చివరికి హోమర్ తలకి బంతి తగిలి స్పృహ తప్పితే టీమ్ గెలవడం, ఆ వంకర వేరే స్క్రిప్టుల్లో అంతగా కనపడదు.

చివరి బెంచి

హోమర్స్ ఎనిమీ ఎవరూ చెప్పలేదేంటి 😐

రెండో డ్రాఫ్ట్

కావాలనే చెప్పలేదు. 1997లో వచ్చినప్పుడే చాలామందికి నచ్చలేదు. హోమర్ పనిచేసే చోట కొత్తగా చేరిన ఫ్రాంక్ గ్రైమ్స్ పాపం చిన్నప్పట్నుంచీ కష్టపడ్డ మనిషి, పైన ఒక బౌలింగ్ ఆలీ (బంతులు దొర్లించి ఆడే చోటు) కింద ఇంకో బౌలింగ్ ఆలీ, మధ్యలో కాపురం. వాడొచ్చి హోమర్ ఇల్లూ సంసారం చూసి కుళ్ళి కుళ్ళి పిచ్చెక్కి చచ్చిపోతాడు, అంత్యక్రియల్లో హోమర్ నిద్రలో ఏదో గొణిగితే అందరూ నవ్వుతారు. నాకైతే నవ్వు రాలేదు. ఐడియా కూడా స్వార్ట్స్‌వెల్డర్‌ది కాదు, అప్పట్లో షో నడిపిన వాళ్ళలో ఒకడైన బిల్ ఓక్లీది.

అరటిపండు తొక్క

నవ్వు రాకపోవడమే దాని గొప్పతనం అనుకుంటా నేను. ఎనిమిది సీజన్లు మనం హోమర్‌ని చూసి నవ్వాం కదా, బయటి మనిషి ఒకడు ఆ ఊళ్ళోకొస్తే వాడికి హోమర్ ఎలా కనిపిస్తాడో చూపించారు. కానీ మొదటే చూడొద్దు, హోమర్ మీద బాగా ఇష్టం కలిగాక చూడాలి.

నిద్రపోని గుడ్లగూబ

సరే, ఏనుగుతో మొదలుపెడతా. హోమర్ ద గ్రేట్ సంగతేంటి, స్టోన్‌కటర్స్ ఉన్నది?

చివరి బెంచి

అదీ ఈయనదే, 6వ సీజన్. రహస్య సంఘంలో చేరితే ఏమేం దొరుకుతాయంటే, మంచి పార్కింగూ, సుఖమైన కుర్చీలూ. చూసెయ్ ముందు, లిస్టులు తర్వాత.