ఉగాది వేదిక దీపాలు: మన ఎలక్ట్రీషియన్ తమ్ముడి విషయం

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా మన మెల్‌బోర్న్ ఉగాది వేదికకు దీపాలు అమర్చిన తమ్ముడికి మోటార్ న్యూరాన్ వ్యాధి (ఎంఎన్‌డీ) వచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఈ వివరాలు మీతో పంచుకోవడానికి అతనూ, అతని భార్యా ఒప్పుకున్నారు. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చనిపోయే ఈ జబ్బును నయం చేసే మందు లేదు; రిలుజోల్ అనే మాత్ర వల్ల దక్కేది కొన్ని నెలల వ్యవధి మాత్రమే. నిరుడు వేదిక మెట్ల పక్కన కేబుల్ బిగిస్తూ, కుడి బొటనవేలికి పట్టు చిక్కక, అతను స్క్రూడ్రైవర్‌ను ఎడమ చేతికి మార్చుకోవడం నేను చూశాను. అలసట అనుకున్నాను. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు; మాట ముద్దగా వస్తోంది గానీ ఏ దీపం ఏ మూల ఉండాలో మనందరికంటే అతనికే బాగా తెలుసు.

శాలువా కప్పి సన్మానిద్దామన్న ప్రతిపాదన నాకు సమ్మతం కాదు. అతను అడిగింది పని. కాబట్టి దీపాల అమరిక అతనే నిర్ణయిస్తాడు, లైసెన్సు ఉన్న మరో ఎలక్ట్రీషియన్ కనెక్షన్లు ఇస్తాడు. వేదిక మీదికి వచ్చి చూస్తానంటున్నాడు. వేదిక ఎత్తు 60 సెంటీమీటర్లు, ర్యాంపు వాలు 1:14 దాటకూడదు, అంటే పొడవు ఎత్తుకు 14 రెట్లు ఉండాలి కనుక 8.4 మీటర్ల పొడవు కావాలి. నిరుటి చెక్క పలక పనికిరాదు.

భోజనాల బాధ్యురాలు: పలచని పదార్థాలు అతనికి పొలమారుతున్నాయి. ఉగాది పచ్చడిని మెత్తగా రుబ్బి, వడకట్టి విడిగా ఉంచుతాను. మాట, మింగడం ఇబ్బందులు చూసే స్పీచ్ థెరపిస్టు చెప్పిన కొలతలో చిక్కబరిచే పొడిని అతని భార్య కలుపుతుంది. దయచేసి ఎవరూ ప్రేమకొద్దీ పానకం తాగించవద్దు.

కోశాధికారి: హాలులో విరాళాల పెట్టె పెట్టవచ్చా?

సమన్వయకర్త: అతని ఎదుట వద్దండీ. 2013లో ఇదే జబ్బు బయటపడిన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మాజీ కోచ్ నీల్ డానిహర్ మరికొందరితో కలిసి 2014లో స్థాపించిన ఫైట్ ఎంఎన్‌డీ సంస్థ, ఏటా జూన్‌లో పరిశోధన కోసం ఉన్ని టోపీలు అమ్ముతుంది. అవి మనమంతా అప్పుడు కొందాం.

సాయంత్రానికి అతను బాగా నీరసించిపోతాడు కనుక దీపాల పరీక్ష శనివారం ఉదయం 10 గంటలకే పెట్టుకుందాం. అతను చెప్పింది అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపకండి, మళ్లీ అడగండి.