పాత ఆటోమేటిక్ కారు కింద ఎర్ర ఆయిల్ మరకలు, గేర్‌బాక్స్ దింపాల్సిందేనా?

రాజోలు కుర్రోడు:
అందరికీ నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి కారు 2011 మోడల్ పెట్రోల్ సెడాన్, ఆటోమేటిక్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. పది రోజులుగా పొద్దున్నే బండి తీస్తే గచ్చు మీద అరచేయంత మరక కనిపిస్తోంది. ముందు ఏసీ నీళ్లనుకున్నాను, వేలు పెట్టి చూస్తే జిడ్డుగా, ఎర్రగా ఉంది. మొన్న చించినాడ వంతెన ఎక్కుతుంటే ఇంజిన్ రొద పెరిగింది గానీ బండి అందుకోలేదు, రెండు మూడు సెకన్లాగి అప్పుడు పట్టింది. ఒక షెడ్డులో చూపిస్తే టార్చ్ వేసి వంగి చూసి "లోపల సీల్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి, 40 వేల దాకా అవుద్ది" అన్నారు. బండిని పైకి కూడా లేపలేదు. అమ్మకి వారానికి మూడు రోజులు భీమవరంలో డయాలసిస్, ఈ కారులోనే తీసుకెళ్లాలి, అందుకే చాలా టెన్షన్‌గా ఉంది. ఆయిల్ పోసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చా? ఏ ఆయిల్ పోయాలి?

ఉండి కాలువగట్టు:
తమ్ముడూ, ముందు అమ్మగారికి వేరే బండి మాట్లాడుకో, గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసేదాకా ఈ కారు తియ్యకు. వంతెన మీద గేర్ పట్టకుండా జారిందంటే ఆయిల్ బాగా తగ్గి ఉంటుంది. లోపల పంపు ఆయిల్ బదులు గాలి పీలిస్తే ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి. లీకు అంటే చిన్న ఖర్చు, మాడిన ప్లేట్లంటే నిజంగానే గేర్‌బాక్స్ దింపాలి.

లెవెల్ చూడటంలోనే చాలామంది తప్పు చేస్తారు. నువ్వు ఏ కంపెనీ బండో రాయలేదు. హోండా అయితే బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, ఒకటి ఒకటిన్నర నిమిషం లోపు డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) చూడాలి. టయోటా, హ్యుందాయ్ పాత ఆటోమేటిక్‌లలో ఇంజిన్ నడుస్తుండగానే, లీవర్ అన్ని స్థానాలకీ ఒకసారి తిప్పి, మాన్యువల్‌లో చెప్పిన చోట పెట్టి చూడాలి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే లెవెల్ తప్పు చూపిస్తుంది, ఎక్కువ పోసేస్తాం. ఎక్కువైనా ప్రమాదమే, నురగ కడుతుంది. కొన్ని బండ్లకి డిప్‌స్టిక్ ఉండదు, వాటిని లిఫ్ట్ మీద పెట్టి, ఆయిల్ వేడి కొలిచి పక్క బోల్టు నుంచి చూడాలి.

ఆయిల్ ఎర్రదైతే చాలు అనుకోవద్దు. హోండాకి డీడబ్ల్యూ-1, హ్యుందాయ్ పాత నాలుగు గేర్ల వాటికి ఎస్‌పీ-3, టయోటాలో కొన్నింటికి డబ్ల్యూఎస్, ఇలా దేనిది దానికే. సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే వేరు. మాన్యువల్‌లో ఏం రాసుందో అదే కొను, ఖాళీ డబ్బా దాచుకో.

అంబాజీపేట కొబ్బరితోట:
నాది కూడా పాత ఆటోమేటిక్కే. లీకు ఆపే మందు సీసాలు దొరుకుతాయి కదా, ఒకటి పోస్తే నాకు నాలుగు నెలలు ఆగింది. ముందు అది చూడొచ్చేమో.

గేర్‌బాక్స్ పనోడు, తణుకు:
అన్నా, ఆ మందు గట్టిపడ్డ రబ్బరు సీలుని ఉబ్బిస్తుంది, అంతే. సీలు చిరిగినా, పైపు పగిలినా, బోల్టు వదులైనా దానివల్ల ఒక్క చుక్క ఆగదు. కారే చోటు తెలియకుండా పొయ్యొద్దు.

రాజోలు తమ్ముడూ, బండి ఆపి ఉన్నప్పుడు మరక ఎక్కడ పడిందో దాన్ని నమ్మకు. నడిచేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, పైన కారి అడుగున చుక్క పడుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి ఉంటే చూసిన వెంటనే లోపలి ముందు సీల్ పోయిందనేస్తారు, సగం సార్లు అది పైనుంచి జారిందే. ముందు పవర్ స్టీరింగ్ డబ్బా చూడు, కొన్ని బండ్లలో అందులోనూ ఎర్ర ఆయిలే. తరవాత చల్లారిన బండి అడుగు డీజిల్, బ్రష్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, మామూలు టాల్కం పౌడర్ చల్లు. పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి వెళ్లు, ఉత్త జాకీని నమ్మి దూరొద్దు. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు.

నేను చూసినంతలో ఎక్కువగా పోయేవి ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ దగ్గరికి వెళ్లే కూలర్ పైపులు, చక్రాలకి వెళ్లే షాఫ్టుల దగ్గరుండే యాక్సిల్ సీళ్లు, పాన్ (అడుగు పళ్లెం) గాస్కెట్, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు వాషర్. వీటిలో దేనికీ గేర్‌బాక్స్ దింపక్కర్లేదు. యాక్సిల్ సీల్ మార్చేటప్పుడు షాఫ్ట్ మీద గాడి పడిందా, వదులుగా ఊగుతోందా అని వేలితో చూడమను, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ కారుతుంది. పాన్ బోల్టులు బలం ఉంది కదా అని బిగిస్తే అంచు వంగి ఇంకా కారుతుంది. గేర్‌బాక్స్ పైన గాలి వదిలే చిన్న గొట్టం ఉంటుంది, మన చేలగట్ల బురదకి అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు కూడా కారుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే సరిపోతుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులో ఉంటే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. రేడియేటర్ లోపల కూలర్ చిట్లి కూలెంట్ కలిసిందన్నమాట, లేదా వరదలో నీళ్లు దూరినట్టు. అప్పుడు బండిని ట్రాలీ మీదే తీసుకురావాలి. ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగారంటే ముందు చక్రాలు తిరిగి, పంపు ఆడక, లోపలంతా ఎండి అరిగిపోతుంది. ఈ వైపు నేను చూసిన పాడైన గేర్‌బాక్సుల్లో కొన్ని అలా పోయినవే, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రాజోలు కుర్రోడు:
తణుకు అన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం పౌడర్ చల్లాను. గీత కూలర్ పైపు క్లిప్పు దగ్గర మొదలైంది! పైపు చివర సన్నగా చీలింది, రబ్బరు గోటితో నొక్కితే చెక్కలా ఉంది. అక్కడి నుంచే ఆయిల్ పాకి గేర్‌బాక్స్ అడుగున చుక్కలు పడుతున్నాయి. మా ఊరి మెకానిక్ మామూలు నీళ్ల పైపు వేసేద్దామన్నారు. దానికి ఈ ఆయిల్ పడుతుందా?

గేర్‌బాక్స్ పనోడు, తణుకు:
వద్దు తమ్ముడూ, నీళ్ల పైపు ఈ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి పనికొచ్చేదే అడుగు, రెండు పైపులూ, క్లిప్పులూ కొత్తవి వెయ్యి. పాత ఆయిల్ మాడిన వాసన లేకపోతే ఒకసారి కిందికి దించి, ఎంత దిగిందో కొలిచి ముందు అంత పొయ్యి, తరవాత లెవెల్ చూసి కారిపోయింది కూడా నింపు. మెషిన్‌తో పాత ఆయిలంతా తోసేసే ఫ్లష్ వద్దు.

రాజోలు కుర్రోడు:
రెండు పైపులూ మార్చాం, లేబర్‌తో కలిపి 2,300 అయింది, ఆయిల్ వేరే. దిగింది రెండు లీటర్ల లోపే, గోధుమ రంగు వచ్చింది గానీ మాడు వాసన లేదు. ఈసారి కొలిచి పోసి, లెవెల్ రెండుసార్లు చూశాం. నిన్న అమ్మని భీమవరం తీసుకెళ్లి తెచ్చాను, వంతెన ఎక్కినప్పుడు ఎక్కడా జారలేదు. రాత్రి బండి కింద అట్టపెట్టె విప్పి పరిచాను, పొద్దున్న చూస్తే పొడిగా ఉంది.